ఎదురు దుకాణమే బెస్ట్

"ఫైన్, ఫైనర్, ఫైనెస్ట్" అంటూ అక్షిత మూడు చీరల మీద వరసగా చేయి వేసింది. "మూడోదానికి ముందు 'ద' పెట్టాలి పెద్దమ్మా. దాన్ని మించింది లేదని అర్థం. ఇప్పుడు మీరు చెప్పండి."

తెల్లటి పరుపు మీద కూర్చున్న భద్రమ్మ రెండో చీర దాకా తడుముకోకుండా వచ్చింది. మూడోదాని దగ్గర ఆగింది.

"అది నేననను."

"నోరు తిరగడం లేదా?"

"తిరుగుతది. దీన్నొక్కదాన్నే ఎక్కిస్తే, మిగిలినయన్నీ నా నోటితోనే దింపినట్టు కాదా బిడ్డా? రేపు వాటినెవలు కొంటరు?"

అక్షిత స్కూలు టీచరు. చౌటుప్పల్‌లో బడి వదిలాక బస్సెక్కి పోచంపల్లి వచ్చి, పాఠం చెప్పి, మళ్లీ బస్సుకే వెళ్లిపోతుంది. ఈ ఊళ్లో భద్రమ్మ తప్ప ఆమెకు ఎవరూ తెలియదు. ఇన్ని బేరాలు చేసిన మనిషికి ఈ వయసులో ఇంగ్లీషు ఎందుకో మాత్రం మొదటి రోజే తెలిసింది.

హైదరాబాద్ నుంచి దివాకర్ వచ్చి బస్టాండు పక్కన పెద్ద షోరూము తెరిచాడు. విదేశీయులను తెచ్చే బస్సులు అక్కడే ఆగి, అటునుంచి అటే తిరిగిపోతున్నాయి. బజారులో చాలా షట్టర్లు దిగిపోయాయి. షోరూము వెనకగోడకు ఆనుకునే ఉంది భద్రమ్మ దుకాణం. బండ్లు నిలిపేందుకు ఆ జాగా కావాలని దివాకర్ అడిగాడు. ఆమె ఇవ్వనంది. దసరా వెళ్లాక నువ్వే వచ్చి అడుగుతావని నవ్వి వెళ్లాడతను. ఆ మర్నాడే భద్రమ్మ ఇంగ్లీషు చెప్పేవాళ్ల కోసం కబురు పెట్టింది.

దివాకర్ బోర్డు మీద బెస్ట్, లార్జెస్ట్, చీపెస్ట్ అన్నీ ఉన్నాయి. మీరూ ఒక్కటైనా రాయించండని అక్షిత పోరింది. భద్రమ్మ వినలేదు. సొంత సరుకు గురించి అమ్మేవాడు చెప్పే మాట బజారులో చెల్లదు, అది ఆమె లెక్క.

ఎదురుగా మరో దుకాణం ఉంది. ఆ ఏడాదే తెరిచారు. కోమల అనే ఆమె అక్కడ పట్టుచీరలు అమ్ముతుంది. సాయంత్రం రెండు గ్లాసుల చాయ్ అక్కడినుంచే వచ్చేది. మంచి ఇరుగుపొరుగు అనుకుంది అక్షిత. ఒకరోజు భద్రమ్మ అరలో ఉండాల్సిన నెమలికంఠం రంగు చీర ఎదురు దుకాణంలో వేలాడుతూ కనిపించింది. అదేమిటని అడిగితే, "ఆడైతే వెలుగు మంచిగ పడతది" అంది భద్రమ్మ. తర్వాత ఇంకా కొన్ని పట్టుచీరలు అటు వెళ్లాయి. చివరికి భద్రమ్మ దగ్గర తువ్వాళ్లు, దుప్పట్లు, నూలు చీరలు మిగిలాయి. గడవక సరుకు తెగనమ్ముకుంటోందని అక్షిత మనసు చివుక్కుమంది.

భద్రమ్మ మాత్రం పాఠం ఆపలేదు. వస్తువు సంగతి సరే, పనితనం గొప్పదని చెప్పాలంటే ఎట్లా అని అడిగింది. మోస్ట్ కేర్‌ఫుల్లీ అని అక్షిత చెప్పింది. భద్రమ్మ దారం పేనినట్టు ఆ మాటను వారమంతా నోట్లో తిప్పుతూనే ఉంది.

ఆ ఆదివారం అక్షిత వచ్చేసరికి దివాకర్ అగ్రిమెంటు కాగితంతో దుకాణంలో కూర్చుని ఉన్నాడు. అప్పుడే నలుగురు విదేశీ ఆడవాళ్లు షోరూము చూసి విసిగి, మగ్గాలు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ బజారులోకి వచ్చారు. టోపీ పెట్టుకున్న పెద్దావిడ గుమ్మంలో నిలబడి, మంచి పట్టు మీ దగ్గరుందా అని ఇంగ్లీషులో అడిగింది.

భద్రమ్మ లేచి నిలబడింది. ఎదురు దుకాణం వైపు చేయి చాపింది.

"ద ఫైనెస్ట్ సిల్క్, దేర్. దే వీవ్ ద మోస్ట్ కేర్‌ఫుల్లీ. మై టవల్స్, ద చీపెస్ట్."

అక్షిత తల పట్టుకుంది. గుమ్మందాకా వచ్చిన లక్ష్మిని ఎదురింటికి పంపేవాళ్లను ఇప్పుడే చూస్తున్నానని దివాకర్ పగలబడి నవ్వాడు.

ఆ నలుగురూ ఎదురు దుకాణంలోకి వెళ్లి, చేతుల నిండా పట్టుచీరలతో బయటికొచ్చారు. పొరుగు సరుకును పొగిడే మనిషి అబద్ధమాడదనుకున్నారేమో, వెనక్కి వచ్చి తువ్వాళ్లూ కొన్నారు. ఆ మాట ఎట్లా పాకిందో గాని, తర్వాతి ఆదివారం ఒక బస్సు జనం షోరూము దాటుకుని నేరుగా బజారులోకి నడిచొచ్చారు. భద్రమ్మ వాళ్లకూ అదే చెప్పింది. ఆపై వారం కూడా అంతే.

దసరా వెళ్లింది. దివాకర్ మళ్లీ వచ్చాడు. ఈసారి నవ్వు లేదు.

"నీ పుణ్యాన ఎదురుదుకాణం నిలబడ్డదమ్మా. నీకేం మిగిలింది? ఇప్పుడన్నా సంతకం పెట్టు."

"నాకు రావాల్సింది నాకొచ్చింది సేటూ. నీ బండ్లకు వేరే జాగ చూసుకో." భద్రమ్మ కాగితం మడిచి అతని చేతిలోనే పెట్టింది. "దసరాకు నేనొస్తనన్నవు. నువ్వే వచ్చినవు."

అతను వెళ్లాక అక్షిత ఇక ఆగలేకపోయింది. నేర్పిన మాటలన్నీ పరాయి దుకాణానికే ధారపోశారు, ఒక్కసారన్నా మీ సరుకును బెస్ట్ అన్నారా అని నిలదీసింది.

"అన్నిసార్లూ అన్న, బిడ్డా" అంది భద్రమ్మ, పరుపు మీది తువ్వాళ్లు మడతపెడుతూ.

ఎదురు దుకాణం గుమ్మంలోంచి కోమల కేకేసింది. "అత్తమ్మా, మన రెండు షట్టర్లూ దించుదామా?"