గరగరలాడే పాట

“మొత్తం ఇరవై వేల పాటలు, మామయ్యగారూ. స్టీరియో ఇక మొరాయించదు,” అన్నాడు అల్లుడు, పాటలున్న డిస్కు వైరు స్టీరియోకి గుచ్చుతూ. “ఒకే పేరుతో రెండేసి ఉన్నవాటిలో ఒక్కోటి తీసి పారేశాను.”

మామగారి చెయ్యి వాల్యూమ్ మీదే ఆగిపోయింది. “లాలిపాట రెండుండాలి. ఏది తీశావు?”

“గరగరలాడేది. రికార్డింగ్ మరీ అధ్వానంగా ఉందండీ.”

“అది ఈ గదిలోనే చేశాను బాబూ. పాటతో పాటు మీ అత్తయ్య పాడుతుంది అందులో. చరణంలో తన గొంతే పైకి వినిపిస్తుంది.”

అల్లుడు డిస్కు వైపు చూశాడు. “దానిమీదే వేరే పాటలు ఎక్కించేశాను. ఇక రాదు.”

అంతలో అత్తగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నారు. గొంతు ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆవిడ మాట్లాడలేరు. లాలిపాట పెట్టమని, రోజూలాగే చేతులతో ఊయల ఊపి చూపించారు.

మామగారు మిగిలిన పాటే పెట్టేశారు.

పాట తేటగా వచ్చింది. చరణం దగ్గర ఆవిడ ముందుకు వంగి స్పీకరుకేసి చెవి పెట్టారు. గాయని ఒక్కతే చివరిదాకా పాడి ముగించింది.

ఆవిడ భర్త మొహంలోకి చూశారు. తర్వాత, తలెత్తని అల్లుడి భుజం తట్టి, చాలా బాగుందన్నట్టు వేళ్లు కలిపి చూపించారు.

మళ్లీ పెట్టమని మాత్రం అడగలేదు.