నలభై మూడో కార్డు

మెట్ల మీద కాలు జారింది.

భ్రమరాంబ పడలేదు గానీ, చేతిలోని కార్డుల కట్ట పడిపోయింది.

హార్బరు గాలికి నలభై రెండు కార్డులూ మెట్ల నిండా చెల్లాచెదురయ్యాయి.

గోడ గడియారం పదీ నలభై చూపిస్తోంది. పదకొండు కల్లా ఆ కట్టని పై అంతస్తులో, కంప్యూటర్ గది కిటికీలో ఇచ్చెయ్యాలి.

అది డెబ్భై తొమ్మిదో సంవత్సరం. కంప్యూటరుకి చెప్పే మాటలు ఒక్కొక్కటీ ఒక్కో అట్టకార్డు మీద చిల్లులుగా కొట్టి, వరసగా పేర్చి ఇచ్చే రోజులు. వరస తప్పితే అంతా తప్పినట్టే.

భ్రమరాంబ ఆ హార్బరు ఆఫీసులో టెంపరరీ టైపిస్టు. నెలాఖరుతో ఆ ఉద్యోగం సరి. కంప్యూటర్ సెక్షన్లో ఒక్క ఖాళీ ఉందని తెలిసి, కంప్యూటర్ ఓనమాలు కూడా రాని మనిషి మూడు నెలలు సాయంత్రం క్లాసులకి వెళ్ళింది. వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో బాణాలు గీసుకుంటూ ప్రోగ్రాం రాయడం నేర్చుకుంది.

పరీక్ష ఇదే. పది ఓడల సరుకు బరువు కలిపి, మొత్తం అచ్చు వేయించాలి. మెషీన్ మీద ఒక్కసారే నడుపుతారు. తప్పొస్తే ఇంటికే.

ఆమె కార్డులు ఏరుతుంటే, మెట్ల పక్కనే, కార్డులకి చిల్లులు కొట్టే పంచింగ్ గది బయట బెంచీ మీద కూర్చున్న ఒకావిడ ఒళ్ళోని సంచీ పక్కన పెట్టి లేచి వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. తల మీద నల్ల ముసుగు.

"కార్డుల మీద నంబర్లు ఎయ్యలేదేటమ్మా?"

"వెయ్యలేదు."

వెయ్యమని క్లాసులో సార్ రోజూ చెప్పేవారు.

"ఇలా తే."

"ముట్టుకోకండి! అసలే కలిసిపోయాయి."

ఆవిడ వినిపించుకోలేదు. ఒక కార్డు తీసి వెలుతురుకి అడ్డం పెట్టింది. చిల్లులు అక్షరాలన్నట్టు చదివేసింది.

"ఇది మొదలు. ఇది బరువు సదివేది. ఇది కలిపేది. అది కాదమ్మా, ఆ మడత పడ్డదియ్యి."

ఒక్కో కార్డే వరసలోకి వచ్చి చేరుతోంది. భ్రమరాంబ కార్డులు లెక్కపెట్టింది. నలభై రెండు. అన్నీ ఉన్నాయి.

పదీ యాభై.

"ఇచ్చెయ్యండి, వెళ్ళాలి."

ఆవిడ కట్ట వదల్లేదు.

"ఆగు. దీన్లో ఒక కార్డు తక్కువుంది."

"లేదు. నేను రాసినవన్నీ ఉన్నాయి."

"నువ్వు రాయందే తక్కువుంది."

భ్రమరాంబకి ఒళ్ళు మండింది. "నా ప్రోగ్రాం నాకు తెలుసు. ముందు నా కట్ట ఇవ్వండి!"

"కోప్పడకమ్మా. ఒకో ఓడ బరువూ కలిపినాక, ఒక ఓడ అయిపోనాదని మెషీనుకి సెప్పాలా వద్దా?"

"పది ఓడలవగానే ఆగమని చెప్పాను కదా."

"పదయ్యాయని దానికెలా తెలుస్తాది? నువ్వు ఒకటి కూడా లెక్కెట్టలేదు."

  వంటింటి గచ్చు మీద గీసిన బాణాలు భ్రమరాంబ కళ్ళముందు తిరిగాయి. ఆగకుండా తిరిగాయి.

మెషీను కూడా అలాగే, ఆగకుండా కలుపుతూనే ఉంటుంది.

అప్పుడే లోపల్నించి ఆపరేటర్ గంగాలమ్మ కేకేసింది. "మెషీను కాళీ అయిందమ్మా! రండి బేగి!"

ముసుగావిడ చటుక్కున లోపలికి వెళ్ళి పంచింగ్ మెషీన్ ముందు కూర్చుంది. టకటకా ఒక్క కార్డు కొట్టింది. తెచ్చి సరిగ్గా కలిపే కార్డు వెనక దోపింది.

భ్రమరాంబ ఆ కార్డు వంక చూసింది. ఎవరో తెలియని మనిషి. తను రాయని మాట. ఉంచడమా, తీసెయ్యడమా?

పదీ యాభై ఎనిమిది.

"పరిగెట్టమ్మా!" అందావిడ.

భ్రమరాంబ ఆ కార్డుని అలాగే ఉంచి పరిగెత్తింది. పేరు అడగలేదు. థాంక్స్ కూడా చెప్పలేదు. కట్ట కిటికీలో పెట్టిన కాసేపటికే, వెనక గుమాస్తా చలమయ్య కిటికీ తలుపు మూసిన చప్పుడైంది.

నాలుగో రోజు నోటీసు బోర్డు మీద భ్రమరాంబ పేరు ఉంది.

ఆ సాయంత్రమే మాడుగుల హల్వా పొట్లం పట్టుకుని ఆమె పంచింగ్ గదికి వెళ్ళింది.

"మీ సెక్షన్లో ఒకావిడ ఉండాలి. ఆ రోజు నాకు కార్డు కొట్టిచ్చారు."

"ముసుగేసుకున్నావిడా?" గంగాలమ్మ తల అడ్డంగా ఊపింది. "మా మనిషి కాదు. పొద్దున్నించీ నా మెషీన్ కోసం బయట కాసుక్కూకుంది. తనదొక కార్డు తప్పు పోయిందంట, మళ్ళీ కొట్టుకోవాలంట."

"మరి కొట్టుకున్నారా?"

"నువ్వెల్లినాక కొట్టుకుంది, పాపం."

భ్రమరాంబ పై అంతస్తుకి ఎక్కింది. రిజిస్టర్లు సర్దుకుంటున్న చలమయ్యని ముసుగావిడ గురించి అడిగింది.

"ఆవిడా? నీ ఎనకాలే వచ్చినాది. నానేటి సేత్తాను, అప్పటికే తలుపేసీసినాను. ఒక్క మాటనకుండా ఎల్లిపోనాది."

"అసలావిడ ఇక్కడికెందుకొచ్చారు?"

"తెల్దా నీకు?"

చలమయ్య ఒక రిజిస్టరు తెరిచి, ఆ ఒక్క ఉద్యోగానికీ పరీక్షకి వచ్చినవాళ్ళ పేజీ తీసి చూపించాడు. అందులో ఉన్నవి రెండే పేర్లు: పైన భ్రమరాంబ పేరు, దాని కింద "మూడు నిమిషాలు ఆలస్యం, తీసుకోలేదు" అని ఎర్రసిరాతో రాసి ఉన్న మహబూబున్నీసా పేరు.