తాళం బొమ్మ

రంగులు కలిపే డ్రమ్ములోకి దిగి మా బావమరిది అడుగున పేరుకున్నది గీకుతున్నాడు. డ్రమ్ము తిరగకుండా నేను కంప్యూటర్ తెర మీద, దాన్ని నడిపే పేజీలో తాళం బటన్ నొక్కి కాపలా కూర్చున్నాను.

ఆ పేజీ తయారుచేసిన కుర్రాడు మురిసిపోతూ వచ్చాడు.

"చూశావా అన్నా, ఇప్పుడు పేజీ మొత్తం మళ్లీ తెరుచుకోదు. మారాల్సిన ముక్కే మారుతుంది."

"తాళం ముక్క కూడానా?"

"ఆఁ. పాత బటన్ పోయి అచ్చం అలాంటిదే కొత్తది వస్తుంది."

"పాతదాని పని కొత్తది చేస్తుందా మరి?"

అతని నవ్వు ఆగింది. బటన్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

"కొత్తదానికి ఆ పని మళ్లీ తగిలించాలి, అన్నా. మర్చిపోయాను. నువ్వు నొక్కింది ఉత్త బొమ్మని."

టైమైతే డ్రమ్ము దానంతటదే తిరుగుతుంది. మెయిన్ స్విచ్ పక్క షెడ్డులో ఉంది. అతను అటు పరుగెత్తాడు. నేను డ్రమ్ము మూతి దగ్గరికి వెళ్లాను. అరిస్తే వాడు కంగారులో జారిపడతాడు.

"ఒరేయ్, పైకి రా. టీ ఇప్పిస్తాను."

వాళ్లక్కను చేసుకున్నాక వాడికి గుక్కెడు టీ ఇప్పించిన పాపాన పోలేదు నేను.

లోపల గీకుతున్న చప్పుడు ఆగిపోయింది.

"ఏమైంది బావా?" అన్నాడు, చాలా మెల్లగా.