వేటగాడి వాటా

"షిరల్గా, బాబూ."

బిష్కెక్ విమానాశ్రయం గుమ్మం బయట, సామాన్ల బండికి ఎదురుగా నిలబడి ఆ మాట అన్నాడొక ముసలాయన.

ఎర్మెక్‌కి ఒళ్లు మండింది.

వేట నుంచి తిరిగొచ్చేవాడికి ముందుగా ఎవరు ఎదురుపడి ఆ మాట అంటే వాళ్లకి వేటలో వాటా ఇచ్చి తీరాలి. లేదంటే తుపాకి అలుగుతుందని కొండల్లో నమ్మకం. కొండల్లో అయితే సరే, విమానం ఎక్కేచోట కూడా ఈ గొడవేమిటి?

మనిషి వాలకం చూస్తే మరీ చిరాకేసింది. మాసి రంగు మారిన ఉన్ని టోపీ, పేడ అంటిన బూట్లు, కోటు లోపల దాచుకున్న చెయ్యి.

విదేశీ దొరల్ని వేటకి తీసుకెళ్లడం ఎర్మెక్ వ్యాపారం. ఇవాళ వోల్కర్ అనే దొరని విమానం ఎక్కించడానికి వెంటబెట్టుకొచ్చాడు. కొండవాళ్లకి గుర్రమెక్కడం, చెయ్యి చాపడం తప్ప ఇంకేదీ చేతకాదని భోజనాల దగ్గర దొరలకి చెప్పి నవ్విస్తుంటాడు. తను పుట్టిందీ ఆ కొండల్లోనే అన్న సంగతి మాత్రం చెప్పడు. ఏరు దాటి తెప్ప తగలేసే రకం.

"లే తాతా, అడ్డం లే. మాంసం కొండమీదే వండుకు తినేశారు. ఇక్కడ ఉన్నవి కొమ్ములు. నాకుతావా?"

ముసలాయనకి కోపం రాలేదు.

"మాంసానికి రాలేదు బాబూ. అతిథితో ఒక్క మాట. కాస్త పక్కకి రమ్మను" అన్నాడు, గుమ్మం దగ్గరున్న పోలీసుల వంక చూస్తూ.

పోలీసుల వంక చూడటమే ఎర్మెక్‌కి గిట్టలేదు. ఇవాళ అతని ప్రాణం అరచేతిలో ఉంది. మొన్న ఈ వోల్కర్ దొర ఇంకో కొండమేకకి గురిపెడితే తూటా బండకి తగిలి, దారి చూపించే తిలెక్ అనే కుర్రాడి తొడలో దిగింది. కుర్రాణ్ణి ఆస్పత్రిలో పడేసి, దొరని ఆదరాబాదరా ఊళ్లోకి దించాడు ఎర్మెక్. కుర్రాడి తరపున ఒక్క ఫిర్యాదు పడితే చాలు, దొర విమానం ఎక్కడు, ఎర్మెక్‌కి మళ్లీ వేట అనుమతి రాదు. పుకారు కొండ దిగేలోగా దొర గాల్లో ఉండాలి.

ఏమంటున్నాడని అడిగాడు వోల్కర్.

బిచ్చమన్నాడు ఎర్మెక్.

దొర నవ్వి ఒక నోటు తీసి చాపాడు. ముసలాయన దాన్ని అందుకోలేదు. గుండెమీద చెయ్యి వేసుకుని, తల కొంచెం వంచి, అలాగే నిలబడ్డాడు.

"బిచ్చగాడికి బింకమొకటి" అన్నాడు ఎర్మెక్. కాపలావాణ్ణి పిలిచి, వీడు ప్రయాణికుల్ని పీడిస్తున్నాడని చెప్పాడు. కాపలావాడు ముసలాయన మోచెయ్యి పట్టుకుని వ్యాన్లు ఆగేచోటి దాకా నడిపించాడు.

పీడ విరగడైందనుకున్నాడు ఎర్మెక్.

లోపల ఆయుధాల తనిఖీ గది. తుపాకి ఒక పెట్టెలో, మిగిలిన తూటాలు వేరే పెట్టెలో, దేని తాళం దానికి. రెండూ కలిపి సర్దితే విమానం ఎక్కనివ్వరు. అన్నీ స్వయంగా సర్దానని దొర ముందు గొప్పగా చెప్పుకున్నాడు ఎర్మెక్.

అధికారి తూటాలు చూసి తల ఊపాడు. తుపాకి పెట్టె తెరిచి ఆగిపోయాడు.

"దీని బోల్టేదీ?"

తూటాని గొట్టంలోకి తోసే ఇనప ముక్క అది; ప్రయాణంలో దాన్ని ఊడదీసి, తుపాకి పక్కనే పెట్టాలి. దానిమీదా నెంబరుంటుంది. దేశంలోకి వచ్చిన తుపాకి వచ్చినట్టే బయటికి పోవాలి. ఒక్క ముక్క తగ్గినా ఇక్కడెవరికో అమ్మారని అనుమానిస్తారు. తుపాకీ కదలదు, దాని యజమానీ కదలడు.

సంచులన్నీ బోర్లించారు. బోల్టు లేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఎర్మెక్‌కి. కుర్రాడు పడిపోగానే కొండవాళ్లెవరో ముందు తుపాకిలోంచి బోల్టు లాగేశారు. మనిషి నెత్తురు చూసిన తుపాకికి వాళ్లు చేసే మొదటి పని అదే. ఆ కంగారులో అదెక్కడ పెట్టారో అడగనేలేదు తను. గుడారంలో ఉండిపోయిందని అధికారితో అన్నాడు.

"బోల్టు గుడారంలో ఉండిపోవడమేమిటి? అసలు ఎందుకు ఊడదీశారు? అక్కడేమైనా జరిగిందా?" అన్నాడు అధికారి.

వోల్కర్ మొహం పాలిపోయింది. అధికారి జిల్లా పోలీసులకి ఫోను చెయ్యమని పక్కవాడికి చెప్పాడు.

ఎర్మెక్ ఓ మూలకి పోయి, గుడారాల దగ్గర వంట చేసే గుల్సున్‌కి ఫోన్ చేశాడు.

ఆమె ఆశ్చర్యపోయింది. బోల్టు పరుపు కింద దొరికిందనీ, అది లేకపోతే అతిథిని ఆపేస్తారని ఒక పెద్దాయన తెల్లవారకముందే వ్యానెక్కి విమానాశ్రయానికి తీసుకెళ్లాడనీ చెప్పింది. పోలీసుల ఎదుట తుపాకి ముక్క బయటికి తీస్తే అతిథికే ముప్పని, షిరల్గా అంటూ దగ్గరికి వెళ్లమని తనే సలహా చెప్పిందట.

ఎర్మెక్ ఫోను చెవిదగ్గరే పెట్టుకుని బయటికి పరుగెత్తాడు. వ్యాన్లు ఆగేచోట ఎవరూ లేరు. కొండల వైపు వ్యాను ఇప్పుడే పోయిందన్నాడు కాపలావాడు.

"ఆయన నెంబరివ్వు గుల్సున్, త్వరగా."

"ఆయనకి ఫోనెక్కడిది అన్నా? ఆస్పత్రిలో పోలీసులు ఫిర్యాదు రాయమంటే రాయనన్నాడు. అతిథి కావాలని చేశాడా, మన గడ్డమీద అతనికి చిక్కు రాకూడదన్నాడు. బోల్టు ఇచ్చేసి సాయంత్రానికల్లా మంచం దగ్గరికి వచ్చేస్తానని వెళ్లాడు."

"ఎవరి మంచం? ఎవరాయన?"

"మీరు ఆయన్ని చూడనేలేదా అన్నా? మన తిలెక్ వాళ్ల నాన్న" అంది.