ఐదో బొమ్మ

వంటింటి గోడకు సర్కారువాళ్లు బిగించిన మాట్లాడే పలక రోజూ ఇడ్లీల వేళకే గొంతు సవరించుకుంటుంది. "చిన్మయీ, నిన్న పరుగెత్తడం కష్టమనిపించిందా?" అంటూ ఏడుపు మొహం నుంచి నవ్వు మొహం దాకా ఐదు బొమ్మలు చూపిస్తుంది. అవే ప్రశ్నలు తల్లి నీరజనూ విడిగా అడుగుతుంది. పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఇదే తంతు. జవాబులకు పడే మార్కులు నూటికి అరవై కంటే తగ్గితే పిల్లను మూణ్ణెల్లు సంరక్షణ కేంద్రంలో ఉంచుతారు. మూణ్ణెల్లని చెప్పి పక్కింటి పిల్లను తీసుకెళ్లి ఏడాదైంది.

నీరజకు ఆ పలకంటే మొదటినుంచీ అనుమానమే. అందుకే కీళ్లనొప్పులున్న కూతురికి తనే నేర్పింది: "అదేం అడిగినా ఐదో బొమ్మే నొక్కు. నవ్వుతూ నొక్కు." తనూ అదే నొక్కేది. ఇద్దరి జవాబులూ కలిసేవి. తనిఖీకని గుమ్మంలోకి ఎవరూ వచ్చేవారు కారు. కాపడాలేవో ఇంట్లోనే పెట్టేది.

ఆదివారం తలంటు పోయడానికి పీట మీద కూర్చోబెట్టి ఒంటికి నూనె రాస్తుంటే, ఎనిమిదేళ్ల చిన్మయి ఎడమ మోకాలు వెచ్చగా, ఉబ్బినట్టు తగిలింది. పలక వంటింట్లో ఉంది. స్నానాలగది తలుపు వేసే ఉంది. అయినా నీరజ గొంతు తగ్గించింది.

"నొప్పిగా ఉందా, అమ్మలూ?"

"లేదమ్మా."

"నాతో చెప్పవే. ఇక్కడ అది లేదుగా."

"అస్సల్లేదమ్మా."

నీరజ మోకాలి చిప్ప పక్కన బొటనవేలితో నొక్కింది. కూతురి మొహంలోకే చూస్తూ ఇంకాస్త గట్టిగా నొక్కింది. పీట అంచు పట్టుకున్న చిన్నవేళ్లు తెల్లబడ్డాయి.

చిన్మయి తలెత్తి, అమ్మకేసి చూసి, అచ్చం ఐదో బొమ్మలాగే నవ్వింది.