అంచున పడ్డ చేయి

ఫొటోగ్రాఫరు ఒక కన్ను మూసి రెండోది కెమెరాకు ఆనించాడంటే, పక్కన పిడుగు పడ్డా “కాస్త అటు జరుగు, వెలుతురుకి అడ్డం” అనే రకం.

రోజూ పొద్దున్నే నాలుగురోడ్ల కూడలికి వచ్చేవాడు, దారినపోయే ముఖాల కోసం. నచ్చిన ముఖం కనబడితే చాలు, నడిరోడ్డని చూడకుండా మోకాళ్ల మీద కూర్చునేవాడు.

ఆరోజు బుట్టలమ్మే ఆవిడ నవ్వింది. టక్కున నొక్కాడు.

చూసుకుంటే, ఫొటో కుడి అంచున ఒక చేయి!

“తాతా! మళ్లీ అడ్డమొచ్చావా?”

“ఏం చెయ్యను నాయనా, పాత అలవాటు” అన్నాడు మాసిన టోపీ ముసలాయన. “ఒకప్పుడు ఈ చెయ్యెత్తితే రైలు ఆగేది, తెలుసా?”

“ఆగి, నీకు దణ్ణం కూడా పెట్టేదా?”

“దానికి చేతులేవీ! కూత పెట్టి ఊరుకునేది.”

పక్కన కుట్టుమిషను మీదున్న దర్జీ కిసుక్కున నవ్వాడు.

ఫొటోగ్రాఫరుకి మాత్రం ఒళ్లు మండింది. “నెలాఖరుకి ప్రదర్శన ఉంది తాతా. ఇరవై ముఖాలు కావాలి. నువ్వు ఒక్కటీ సరిగ్గా పడనివ్వవు.”

“మరి నా ముఖం పనికిరాదా అబ్బాయ్?”

“ముందు చెయ్యి తప్పించు. ముఖం సంగతి తర్వాత చూద్దాం.”

ముసలాయన బోసినోటితో నవ్వేశాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు. మళ్లీ అంచున చేయి.

ఫొటోగ్రాఫరు ఇంటికెళ్లి ఫొటోలు అచ్చుతీసి, బ్లేడుతో ఆ అంచు కోసేసి, ముక్క చెత్తబుట్టలో పడేసేవాడు. బుట్ట ఖాళీ చేసే అలవాటు వాళ్ల వంశంలోనే లేదు.

ఒక సోమవారం ముసలాయన రాలేదు.

‘హమ్మయ్య, పీడ వదిలింది’ అనుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక కన్ను మూశాడు.

బ్రేకులు కీచుమన్నాయి. బస్సు జానెడు దూరంలో ఆగింది. వెనక్కి పడ్డాడు, కెమెరా ఎగిరి పక్కనున్న కాలవలో పడింది.

డ్రైవరు తల బయటపెట్టాడు. “ఏమయ్యా, మీ నాన్నగారు రాలేదా ఇవాళ?”

“మా నాన్నేంటి?”

“అదే, రోజూ నీ పక్కన నిలబడతాడే, టోపీ ఆయన!”

దర్జీ మిషను ఆపాడు. “నిన్న రాత్రి నిద్రలోనే పోయాడు బాబూ. ముప్పయ్యేళ్లు రైలుగేటు కాపలా కాసిన మనిషి. మేమే కోతలనుకున్నాం.”

ఫొటోగ్రాఫరు ఇంటికొచ్చి చెత్తబుట్టను బల్ల మీద బోర్లించాడు. ఒక్కదాంట్లోనైనా ఆయన ముఖం పడి ఉంటుందేమోనని ముక్కలన్నీ పరిచాడు.

ముఖం ఎక్కడా లేదు.

అన్నింట్లోనూ అదే చేయి, అరచేయి అవతలికి తిప్పి. దాని వెనక మసగ్గా, ఒకదాంట్లో లారీ, ఒకదాంట్లో బస్సు, ఒకదాంట్లో ఇటుకల ట్రాక్టరు, ఎక్కడివక్కడ ఆగి ఉన్నాయి.