గట్టు దిగిన బాతు

ఒక చెరువులో బాతుపిల్లలకు ఈత నేర్పే బడి ఉండేది. ఏళ్ల తరబడి దానికి పెద్దదిక్కుగా ఉన్న ముసలిబాతు ఒకనాడు ఆ పనిని వయసులో చిన్నదైన చుక్కబాతుకు అప్పగించింది. "నియమం తప్పకుండా నా పని చేశాను. ఇక సెలవు," అని పిల్లలకు చెప్పింది. చెప్పి, ఎక్కడికీ వెళ్లకుండా గట్టుమీదే కూర్చుంది.

మర్నాడు ఆకాశంలో గద్ద కనబడింది. "మునగండి!" అని చుక్కబాతు అరిచింది. పిల్లలు మునగలేదు. అలవాటు కొద్దీ గట్టువైపు తలలు తిప్పాయి. ముసలిబాతు కూడా "మునగండి!" అన్నాకే మునిగాయి. ఆఖరి పిల్ల వీపు మీది ఈకలు కొన్ని గద్ద గోళ్లలో ఉండిపోయాయి.

"చూశావా, నేను లేకపోతే ఏమయ్యేదో!" అంది ముసలిబాతు, బొరియలోంచి తొంగిచూస్తున్న ఎండ్రకాయతో.

"నువ్వు లేకపోతే మొదటి కేకకే మునిగేవి పెద్దమ్మా. పదవి దిగావు గానీ గట్టు దిగలేదు," అంది ఎండ్రకాయ.

ముసలిబాతుకు కోపం వచ్చింది. గట్టిగా బదులు చెప్పబోయింది. కానీ ఈకలు ఊడిన పిల్ల వణుకుతూ ఇంకా తనవైపే చూస్తోంది. ముసలిబాతు లేచి, గట్టు అవతల పొలాల్లోకి దిగింది.

కాసేపటికి వెనక "మునగండి!" అని చుక్కబాతు కేక వినిపించింది. 'ఆ కేక ఇంకాస్త గట్టిగా ఉండాలి' అనుకుంది ముసలిబాతు. దాని మెడ సగం తిరిగింది. అంతలోనే మెడ నిటారు చేసుకుని ముందుకు నడిచింది.

వెనక, పిల్లలన్నీ ఒక్కసారే నీళ్లలో మునిగిన చప్పుడైంది.